అక్క గది

"పీఠం ఎత్తు సరిగ్గా ఎర్ర అంకె మీదికి వచ్చిందమ్మా" అన్నాడు వడ్రంగి, శుభాశుభాల కొలబద్దను చుట్టి జేబులో పెట్టుకుంటూ. మా అత్తయ్య ముఖం వెలిగిపోయింది. మా అత్తింటి త్సాయ్ వారి పూర్వీకుల పేరు పలకలు కూర్చోబోయే పీఠం ఎత్తు, లోతు, గోడకీ దానికీ మధ్య ఖాళీ, అన్నీ శుభమైన ఎర్ర అంకెల మీదే పడాలని ఆవిడ మూడుసార్లు కొలిపించింది. నేనప్పుడు వంటగదిలో కొత్త గట్టు తుడుస్తున్నాను. ఆ గట్టు నా నడుముకి జానెడు కిందికి ఉంది. పది నిమిషాలు వంగితే వెన్ను పట్టేస్తోంది. "వడ్రంగి ఎలాగూ వచ్చాడు కదా, ఈ గట్టు కాస్త ఎత్తు చేయించకూడదా?" అని మా ఆయన్ని అడిగాను. ఆయన గడప దగ్గరే నిలబడి గట్టు వైపు చూశారు. నా వైపు చూడలేదు. "కట్టినవాడు అన్ని ఇళ్లకీ ఒకే ఎత్తు పెట్టాడు. నాలుగు రోజులు పోతే అలవాటైపోతుందిలే" అన్నారు.

తైనాన్‌లో మా పాత ఇల్లు రోడ్డు వెడల్పు చేయడంలో పోబోతోంది, గృహప్రవేశం దాకా అందులోనే ఉన్నాం. దాని బదులు ఈ ఆరో అంతస్తులో మూడు గదుల ఇల్లు. హాల్లో వెలుతురు బాగా వచ్చే గోడ పూర్వీకులకి. పెద్ద గది మాకు, దాని పక్కది అత్తయ్యకి. మూడోది చిన్నది, తూర్పు కిటికీ ఉన్నది. ఇల్లు చూడ్డానికి వచ్చిన మొదటి రోజే మా ఆయన ఆ గదిలో నిలబడి, "ఇది నా టీ గది" అనేశారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. స్నేహితులతో కూర్చుని టీ కాచుకోవడానికి ఒక చెట్టు మొద్దంత టేబులుంది. మర్నాడే అది వచ్చేసింది. నీకే గది కావాలని నన్నెవరూ అడగలేదు. నేనూ అనలేదు. నాకు వంటగది ఉందిగా అనుకుని ఉంటారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను.

నేను వార్డు ఆఫీసులో కుటుంబ రిజిస్టర్ల కిటికీ దగ్గర కూర్చుంటాను. పుట్టినవాళ్లని ఎక్కించడం, పోయినవాళ్లని కొట్టేయడం, పెళ్లయిన ఆడపిల్లని ఒక పేజీలోంచి తీసి ఇంకో పేజీలో రాయడం నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చాక ఇంకో ఉద్యోగం మొదలవుతుంది. నెలకి రెండుసార్లు పీఠానికి నైవేద్యం, ఏడు తద్దినాలు, పండగలు. ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను. త్సాయ్ వారి ముత్తాతకి కొవ్వు ఎక్కువున్న పంది మాంసం ఇష్టమనీ, ఆయన రెండో భార్యకి చేప వాసన పడదనీ, మామగారికి అన్నం పొడిపొడిగా ఉండాలనీ నాకు తెలుసు. వీళ్లలో మామగారిని తప్ప ఎవరినీ నేను కళ్లతో చూడలేదు. నేను ఏం తింటానో ఈ ఇంట్లో ఎవరినైనా అడిగితే చెప్పగలరా అని అప్పుడప్పుడూ అనుకునేదాన్ని. మళ్లీ పొయ్యి మీద ఏదో పొంగేది, లేచి వెళ్లేదాన్ని.

గృహప్రవేశానికి పన్నెండు రోజులుందనగా కొండ మీది గుడి నుంచి ఉత్తరం వచ్చింది. పెళ్లి కాకుండా పోయిన ఆడవాళ్ల పేరు పలకలుంచే పాత మందిరం కూల్చి కొత్తది కడుతున్నారట. నెలాఖరులోగా ఎవరి పలకలు వాళ్లు తీసుకెళ్లాలి, రాకపోతే అన్నిటినీ కలిపి మంత్రం చదివి దహనం చేస్తారు. ఉత్తరం నా పేరు మీదే వచ్చింది, ఎందుకంటే ఆరేళ్ల కిందట అక్కడ సంతకం చేసింది నేనే. మూడో అర, నలభై ఒకటో నంబరు. లిన్ యువేతావ్. మా అక్క.

అక్క పద్నాలుగో ఏట కావ్‌షియుంగ్ ఫ్యాక్టరీకి వెళ్లింది. రేడియోల లోపలి తీగలు భూతద్దం కింద పెట్టి అతికించే పని. ఆ జీతంతో నేను చదివాను, తమ్ముడు జిన్‌షుయ్ చదివాడు. సంబంధాలు రాలేదని కాదు. వచ్చినప్పుడల్లా నాన్న "ఈ ఒక్క ఏడూ ఆగనీ, అబ్బాయి చదువు అవనీ" అనేవాడు. తమ్ముడి చదువయింది. తర్వాత వాడి పెళ్లి, ఆ తర్వాత ఇంటి పైఅంతస్తు. ముప్ఫై ఐదు దాటాక ఎవరూ అడగడం మానేశారు. "నాకేం లోటే, నా మంచం మీద నేనే పడుకుంటున్నాను" అని నవ్వేది. యాభై ఒకటో ఏట కడుపులో పుండు అనుకున్నది పుండు కాదని తేలింది. ఆస్పత్రిలో చివరి వారం, నేను కాళ్లు పడుతుంటే, "పోయాక నేను ఎక్కడుంటానే?" అని అడిగింది. మందుల మత్తులో మంచం గురించి అడుగుతోందనుకున్నాను. "ఇక్కడే, కిటికీ పక్కనే ఉంటావు" అన్నాను. తల ఊపింది. అది ఏమడిగిందో అంత్యక్రియల రోజు అర్థమైంది. తమ్ముడు గుమ్మానికి అడ్డంగా నిలబడి, పెళ్లి కాని ఆడపిల్ల పలక పుట్టింటి పీఠం ఎక్కకూడదు, గుడికి తీసుకెళ్లండి అన్నాడు. పురోహితుడూ అవునన్నాడు. వారం తర్వాత ఆఫీసులో అక్క పేరు మీద కొట్టివేత గీత గీసి ముద్ర వేసింది నేనే. ఆ కిటికీ నాదే కదా.

ఉత్తరం పట్టుకుని తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఇప్పుడేం చేద్దామంటావక్కా?" అన్నాడు.

"మీ ఇంటికి తీసుకెళ్లు. మీ హాల్లో వద్దులే, పైన ఏదో గదిలో పెట్టు."

"ఎలా కుదురుతుంది? నాన్న ఉన్నా ఒప్పుకునేవాడు కాదు. ఇంట్లో పిల్లలున్నారు. మా ఆవిడ భయపడుతుంది."

"పెద్దక్కని చూసి భయమా? మీ ఆవిడ రెండు పురుళ్లకీ నెలేసి రోజులు ఉండి పోసింది కదరా."

"అప్పుడు బతికుంది కదక్కా" అన్నాడు జిన్‌షుయ్. వాడు క్రూరుడేం కాదు. వాడి గొంతులో నిజంగానే ఇబ్బంది ఉంది. "అందర్నీ కలిపి మంత్రం చదివి చేస్తారటగా, మంచిదేనేమో. ఒంటరిగా ఉండదు" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం అత్తయ్యతో కలిసి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాను. మా ఆయన పేపరు చదువుతున్నారు. కాయలు ఒలుస్తూనే చెప్పాను.

"మా అక్క పలక గుడిలో ఉండడానికి లేదట. మన కొత్తింటికి తెచ్చుకుంటాను."

అత్తయ్య చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "త్సాయ్ వారింట్లో లిన్ వారి దయ్యమా?"

"దయ్యం కాదు అత్తయ్యా, మా అక్క."

"పెళ్లి చేసుకోకుండా పోయిన ఆడది ఏ ఇంటి మనిషీ కాదమ్మా. ఆకలితో తిరుగుతూ ఉంటుంది. అలాంటిదాన్ని కొత్తింట్లోకి, అదీ గృహప్రవేశమప్పుడు..." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఏరా, నువ్వు మాట్లాడవేం?"

మా ఆయన పేపరు మడిచారు. "అమ్మ చెప్పేది కూడా ఆలోచించాలి కదా, పీయున్."

"మీ పీఠం మీద పెట్టమనడం లేదు. ఒక గదిలో వేరేగా ఉంటుంది."

"నేను కాదంటే రాక్షసినంటావు" అంది అత్తయ్య. "నా మాట వద్దు. పూర్వీకుల్నే అడుగు. చెక్క బిళ్లలు వెయ్. వరసగా మూడుసార్లు ఔనన్నారంటే నేనింక నోరెత్తను."

"న్యాయంగానే ఉంది" అన్నారు మా ఆయన, గండం గడిచిందన్నట్టు.

లేచి పాత పీఠం దగ్గరికి వెళ్లాను. బిళ్లలు రెండూ అక్కడే ఉన్నాయి, చంద్రవంకల్లా, నా చేతుల చెమటకే నల్లబడినవి. ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా పడితే ఔను. రెండూ బోర్లా పడితే కాదు, రెండూ వెల్లకిలా పడితే నవ్వుతున్నారు, అంటే ఏదీ తేల్చలేదన్నమాట. ఈ బిళ్లలతో నేను అడగనిదేముంది? భోజనం చాలిందా అని అడిగాను. మా అమ్మాయి పుట్టిన నెలన్నరకి ఉద్యోగానికి వెళ్లొచ్చా అని అడిగాను. కాదన్నారు, జీతం లేకుండా ఇంకో మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాను. మా అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు కొత్త సంవత్సరం ముందురోజు వెళ్లి రావొచ్చా అని అడిగాను. నవ్వారు. వెళ్లలేదు. బిళ్లలు అరచేతుల మధ్య పట్టుకుని నిలబడితే అకస్మాత్తుగా ఒక సంగతి తట్టింది. మా ఆయన టీ గది కోసం ఎవరూ బిళ్లలు వేయలేదు. ఆయన ముందుగానే రిటైరవుతానన్నప్పుడూ వేయలేదు. మామగారి తమ్ముడు చిన మావయ్య అప్పట్లో రెండో కాపురం పెట్టినప్పుడు కూడా, నాకు తెలిసి, ఈ పెద్దల్ని ఎవరూ నిద్ర లేపి అడగలేదు. వీళ్లు మాట్లాడేది నా ఒక్కదానితోనే అన్నమాట. అది కూడా కాదనడానికే.

బిళ్లల్ని తిరిగి పళ్లెంలో పెట్టేశాను.

"వెయ్యను" అన్నాను.

"ఏం, కాదంటారని భయమా?" అంది అత్తయ్య.

"ఔనన్నా కాదన్నా తెస్తాను. ఆ మాత్రం దానికి అడగడమెందుకు, పెద్దవాళ్లని అవమానించినట్టు."

ఆ తర్వాత వారం రోజులు అత్తయ్య నాతో నేరుగా మాట్లాడలేదు. "ఉప్పు తక్కువైందని చెప్పు" అని గోడతో అనేది. మా ఆయన మధ్యలో తిరుగుతూ, సర్దుకుపోదామనీ, గృహప్రవేశమయ్యాక చూద్దామనీ, తనకి తెలిసిన ఇంకో గుడి ఉందనీ చెప్పేవారు. ఆయన చెడ్డవారు కాదు. జీవితంలో ఎన్నడూ ఏదీ ఎంచుకోవలసిన అవసరం రాని మనిషి, అంతే. అన్నీ ఆయన దగ్గరికి వడ్డించి వచ్చాయి.

గృహప్రవేశం ముహూర్తం ఉదయం తొమ్మిది నుంచి పదకొండు. పూర్వీకుల పలకల్ని అంతకుముందే మంచి రోజు చూసి తెచ్చి కూర్చోబెట్టారు. ఇక ఇంటి కోడలు బియ్యం డబ్బాతో గడప దాటి, పొయ్యి వెలిగించి, తీపి ఉండలు ఉడికించాలి. ఆరింటికే నేను స్కూటర్ తాళాలు తీసుకున్నాను.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి?" అన్నారు మా ఆయన, పళ్లు తోముకుంటూ.

"అక్కని తీసుకురావడానికి. తొమ్మిదింటికల్లా వచ్చేస్తాను."

ఆయన నోట్లో బ్రష్షు అలాగే ఉంది. ఏమన్నారో అర్థం కాలేదు, అర్థం చేసుకోవడానికి ఆగలేదు.

గుడిలో ఊడ్చే పెద్దావిడ మందిరం తలుపు తీసింది. గోడల నిండా అరలు, అరల నిండా ఆడవాళ్ల పేర్లు. "పదిమందిని కూడా తీసుకెళ్లలేదమ్మా ఇంతవరకూ" అంది ఆవిడ. "మీరు ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"మా ఇంటికి."

నన్ను ఎగాదిగా చూసింది. "గొడుగు తెచ్చావా? ఎండ తగలకూడదు. వంతెన వచ్చినప్పుడల్లా చెప్పాలి, లేకపోతే పోయినవాళ్లు అవతలే నిలిచిపోతారు." ఇంతసేపూ మీరన్న మనిషి నువ్వు అన్నందుకు నాకెందుకో సంతోషమేసింది. అగరొత్తి వెలిగించి, "అక్కా, లే. ఇల్లు మారుతున్నాం" అని చెప్పాను. పలక చిన్నది, నా అరచేతి అంత వెడల్పు. ఎర్ర గుడ్డలో చుట్టి, మూత బుట్టలో పెట్టి, స్కూటర్ ముందు కాళ్ల మధ్య ఉంచుకున్నాను. నల్ల గొడుగు బుట్ట మీదికి వంచి కట్టాను.

దారిలో మూడు వంతెనలు. మొదటిదాని దగ్గర సిగ్గేసింది, గొణిగాను. రెండోదాని దగ్గర సిగ్నల్ పడింది. పక్కన కూరగాయల బండివాడు గొడుగునీ బుట్టనీ చూసి విషయం అర్థమై తల వంచాడు. అంతే, నాకు గొంతు వచ్చింది. "అక్కా, వంతెన వస్తోంది, గట్టిగా పట్టుకో! కింద నీళ్లు చూడకు, నీకు కళ్లు తిరుగుతాయి!" అని అరిచాను. పక్కన ఆగిన బస్సులో నలుగురు తల తిప్పి చూశారు. మూడో వంతెన మీద నవ్వొచ్చేసింది. ఫ్యాక్టరీ నుంచి సెలవులకొచ్చి నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తొక్కేటప్పుడు అది కూడా ఇలాగే అరిచేది.

తొమ్మిదీ ఇరవైకి చేరాను. కింద లిఫ్టు దగ్గర చిన మావయ్య, ఆయన భార్య పిన్నత్తయ్య అనాసపండ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. నా చేతిలో బుట్ట చూశారు.

"ఏం పని ఇది? లిఫ్టులో దాన్ని ఎక్కిస్తావా?" అన్నాడు చిన మావయ్య.

"ఆరంతస్తులు మోయలేను మావయ్యా, బరువు కాదు గానీ నాకు మోకాళ్ల నొప్పి."

"అయితే నేను మెట్లెక్కుతా" అని డెబ్బై రెండేళ్ల మనిషి విసవిసా మెట్ల వైపు నడిచాడు. పిన్నత్తయ్య ఒక్క క్షణం ఆయన వీపు చూసింది, అనాసపండుతో సహా వచ్చి నా పక్కన లిఫ్టులో నిలబడింది. నాలుగో అంతస్తు దాటాక, "తిక్క కుదిరింది" అని గొణిగింది. ఎవరికో నేను అడగలేదు.

ఇంటి గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది, ఒక చెయ్యి తలుపు చెక్కకి అడ్డంగా పెట్టి. వెనక మా ఆయన, ఇంకా నలుగురు చుట్టాలు.

"ఇవాళ వద్దు పీయున్" అన్నారు మా ఆయన లోగొంతుతో. "అందరూ ఉన్నారు. కింద స్కూటర్ డిక్కీలో పెట్టిరా. రేపు చూద్దాం."

"డిక్కీలోనా?" అన్నాను.

"నే బతికుండగా ఇది లోపలికి రాదు" అంది అత్తయ్య.

నేను అరవలేదు. చెప్పుల బల్ల మీద కూర్చుని బుట్ట ఒళ్లో పెట్టుకున్నాను. గొడుగు విప్పే ఉంది. "పొయ్యి వెలిగించాల్సింది కోడలు. మంచి ఘడియ ఇంకా గంటన్నర ఉంది. అక్క బయట ఉంటే నేనూ బయటే ఉంటాను. మీలో ఎవరైనా వెలిగించుకుంటే నాకేం కోపం లేదు."

ఎవరూ కదల్లేదు. పక్కింటివాళ్లు తలుపు ఓరగా తీసి చూసి మూసుకున్నారు. చిన మావయ్య ఆయాసపడుతూ పైకొచ్చి, నన్ను తిట్టడానికి నోరు తెరిచి, ఊపిరందక గోడకి ఆనుకున్నాడు. పిన్నత్తయ్య ఆయన చేతికి మంచినీళ్లిచ్చింది. పది దాటింది. పదింబావు అయింది. లోపల తీపి ఉండలు పళ్లెంలో ఎండిపోతున్నాయని ఎవరో అన్నారు. అత్తయ్య తలుపు చెక్కకి భుజం ఆనించడం నాకు కనిపించింది. ఆవిడకి డెబ్బై తొమ్మిది. లేచి నా బల్ల ఇవ్వాలనిపించింది, ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు. లేవలేదు.

చివరికి చెయ్యి దించేసింది. "పీఠం ముందు నుంచి మాత్రం తీసుకెళ్లకు" అంది.

"హాలు ఒక్కటే దారి అత్తయ్యా."

గుమ్మం పక్కన పెట్టి ఉంచిన బియ్యం డబ్బా ఒక చేత్తో, బుట్ట ఒక చేత్తో పట్టుకుని గడప దాటాను. మా ఆయన ఏమనుకున్నారో గాని గొడుగు పట్టుకున్నారు. చేసిన మంచి దాచకూడదు, అది చెప్పాలి. పీఠం ముందు ఆగాను.

"ఈవిడ లిన్ యువేతావ్" అన్నాను గట్టిగా. "మా అక్క. మీకిన్నేళ్లూ వండిపెడుతున్న నన్ను పెంచి చదివించింది ఈవిడే. ఇవాళ్టి నుంచి ఇక్కడే ఉంటుంది. మిమ్మల్ని అడగడం లేదు, చెప్తున్నాను."

తూర్పు కిటికీ గదిలోకి నడిచాను. టీ టేబులు మీద కప్పులన్నీ తుడిచి పేర్చి ఉన్నాయి.

"మరి నా టేబులు?" అన్నారు మా ఆయన.

"బాల్కనీలో బాగుంటుంది. గాలొస్తుంది. నలుగురూ పట్టండి, చాలా బరువు."

పట్టారు. ఖాళీ అయిన చోట నా కుట్టుమిషను బల్ల వేసి, దాని మీద అక్కని కూర్చోబెట్టాను. అప్పుడు వెళ్లి పొయ్యి వెలిగించాను.

చుట్టాలంతా తిని వెళ్లిపోయాక, మధ్యాహ్నం మూడింటప్పుడు, అక్క ముందు నారింజపండ్లు పెడుతుంటే గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. అత్తయ్య. లోపలికి రాలేదు.

"ఏం పని చేసేదన్నావు?"

నేను ఎప్పుడూ చెప్పలేదు, ఆవిడ ఎప్పుడూ అడగలేదు. "రేడియోలు" అన్నాను. "తీగలు అతికించేది."

"మాకు ఒకటుండేది, ఎర్ర రేడియో" అంది. కర్ర గుమ్మానికి ఆనించింది. "నన్ను ఏడాది పిల్లప్పుడు ఈ ఇంటికి ఎత్తుకొచ్చారు. పెంచి కోడల్ని చేసుకోడానికి. ఏ ఊరి నుంచో ఒకసారి అడిగితే మా అత్త చెంప మీద కొట్టింది. ఇక అడగలేదు. మా అమ్మ పేరేంటో నాకు తెలీదు. ఆవిడకి ఎవరైనా అన్నం పెడుతున్నారో లేదో."

నారింజపండు పళ్లెంలో పెట్టేశాను. "పాత రిజిస్టర్లు ఆఫీసులో ఉంటాయి అత్తయ్యా. దత్తత రాసినచోట కన్నతల్లి పేరు రాస్తారు. సోమవారం వెతుకుతాను."

"నేనేం అడగలేదు" అని విసురుగా అంది. "నేను ఒప్పుకున్నాననుకోకు. ఆ కిటికీ మూయి, ఎండ పడుతోంది దాని మీద." వెళ్లిపోయింది.

సోమవారం వెతికాను. దొరకడానికి మూడు రోజులు పట్టింది. ఒక చీటీ మీద పేరూ ఊరూ రాసి ఆవిడ దిండు పక్కన పెట్టాను. మర్నాటికి చీటీ అక్కడ లేదు.

ఆ తర్వాతి అమావాస్య వెళ్లిన పాడ్యమి. నైవేద్యం రోజు. పొద్దున్నే లేచి గుప్పెడు బియ్యం కడిగి చిన్న గిన్నెలో వండాను, అక్కకిష్టమని కారం వేసిన తెల్ల ముల్లంగి వేయించాను. తీసుకెళ్లి దాని ముందు పెట్టాను. అగరొత్తి వెలిగించి, కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుని నేనూ తిన్నాను. నైవేద్యం రోజు పొద్దున్నే కూర్చుని వేడన్నం తినడం నా పెళ్లయ్యాక అదే మొదటిసారి. మా ఆయన హాల్లోంచి వంటగదిలోకి, వంటగదిలోంచి హాల్లోకి రెండుసార్లు తిరిగి, చివరికి గది ముందుకొచ్చి నిలబడ్డారు.

"పీయున్, మరి మావాళ్లకి?"

"మీవాళ్లకి మీరు వండండి" అన్నాను. "నా అక్కకి నేను వండుకున్నాను. కూరలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. మీ ముత్తాతకి కొవ్వున్న ముక్క ఇష్టం. రెండో ముత్తవ్వకి చేప పడదు."

"నాకు అన్నం వండడం రాదు కదా" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. నిజంగానే దారి తప్పిన మనిషిలా ఉన్నారు.

"నాకూ పుట్టుకతో రాదు" అని ముల్లంగి ముక్క ఇంకోటి వేసుకున్నాను. నోట్లో మెతుకు రుచిగానే ఉంది.

ఆయన సాయం కోసం హాలు వైపు చూశారు. అత్తయ్య తన కుర్చీలో పూసల దండ తిప్పుకుంటోంది. అంతా వింది. ఇక మొదలవుతుంది అనుకుని నేను వీపు నిటారుగా పెట్టాను. ఆవిడ పూసలు తిప్పుతూనే ఉంది; ఆయనే వంటగదిలోకి వెళ్లారు. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు, కొళాయి తిప్పిన చప్పుడు, ఏదో కింద పడిన చప్పుడు. అత్తయ్య లేచి కర్ర పట్టుకుని నెమ్మదిగా వంటగది గుమ్మం దాకా వెళ్లింది. కొడుకు చేతిలో బియ్యం గిన్నెలోకి తొంగి చూసింది.

"నీళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి" అంది. "మళ్లీ కడుగు."